బండ అంచులో కూలి లెక్క

ముంబైలో కొత్తగా వంటగట్టు కట్టించుకున్నవాళ్లు "కడప్పా వేయించాం" అంటారు. కడప ఒక ఊరని, ఆ చుట్టుపక్కల ఎర్రటి ఎండలో మనుషులు నేల మీద గొంతుకూర్చుని ఆ రాతి పొరలు విప్పుతారని వాళ్లకు తెలియాల్సిన పని లేదు. ఊరి పేరు సరుకు పేరయ్యాక ఊరు మరుగున పడిపోతుంది. మన దగ్గర మాత్రం ఇంకా చిన్న ఊళ్ల పేర్లే చలామణీలో ఉన్నాయి. కర్నూలువాళ్లు బేతంచెర్ల బండలంటారు, అనంతపురంవాళ్లు తాడిపత్రి బండలంటారు. తెలంగాణలో షాబాదు, తాండూరు అంటారు, పల్నాడులో మాచర్ల అంటారు. అన్నీ ఒకే రాయి కాకపోయినా అందరూ వాటిని నాపరాళ్లనే పిలుస్తారు.

నాపరాతిని చూసేవాళ్లు దాని ముఖం చూస్తారు. నునుపెంత, నలుపెంత అని. నాకు అంచు మీద కన్ను. ముఖం భూమి తయారుచేసి ఇచ్చింది, దానికి మనిషి చేసింది కొంచెమే. అంచు మొత్తం మనిషి పనే. మా పెద్దల ఇంటి పంచలో బండల అంచు నిండా ఉలి పళ్లు కనిపిస్తాయి. బండకీ బండకీ మధ్య వేలి మందాన సున్నం. మా నాన్న కట్టించిన ఇంట్లో అంచు మిషన్ కోసిన తిన్నదనం. మధ్యలో సన్నటి సిమెంటు గీత. ఇప్పుడు నేనుంటున్న అద్దె ఇంట్లో టైలు. ఈ మూడు ఇళ్ల నేలలు వరసగా చూస్తే రాయలసీమలో మనిషి రోజు కూలి ఎప్పుడెలా కదిలిందో ఏ రిజిస్టరూ తిరగెయ్యకుండానే చెప్పొచ్చు.

ముందు రాతి సంగతి. 1872లో విలియం కింగ్ అనే భూవిజ్ఞాన సర్వే ఉద్యోగి కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఆ శాస్త్రంలో మన ఊళ్లు ఇప్పటికీ పొరలు పొరలుగా పేర్చి ఉన్నాయి: బనగానపల్లె క్వార్ట్‌జైటు, నార్జి సున్నపురాయి, అవుకు షేలు, పాణ్యం క్వార్ట్‌జైటు, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు. మనకు బనగానపల్లె అంటే మామిడి. భూవిజ్ఞానులకు వజ్రాల గులకరాయి పొర. బండలకు పేరుపడ్డది నార్జి పొర. చేపలైనా పుట్టని కాలంలో, లోతు లేని నిశ్చలమైన సముద్రం అడుగున సున్నపు బురద పలచగా పేరుకుంది. మధ్యమధ్య బంకమన్ను సన్నని తెరలా పడింది. ఆ తెర దగ్గరే ఇప్పుడు ఉలి దిగుతుంది.

కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు కూడా ఈ సున్నపురాతిలో నీళ్లు తొలిచినవే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూవిజ్ఞాని వాటి గురించి రాశాడు, తరవాత వందేళ్లకు జర్మన్ బృందం వచ్చి కొలిచింది. పొడవు 3,229 మీటర్లు. గుహ చూడ్డానికి వచ్చినవాళ్లు దారి పొడుగునా రెండు పక్కలా పేర్చి ఉన్న బండల వరసలను చూసీ చూడనట్టు దాటిపోతారు. ఆ చుట్టుపక్కలే సిమెంటు ఫ్యాక్టరీలు. అదే సున్నపురాయి అక్కడ పిండై టన్నుల లెక్కన పోతుంది, ఇక్కడ బండై అడుగుల లెక్కన పోతుంది. టన్నుకీ అడుగుకీ మధ్య తేడా అంతా ఒక మనిషి చేతిలో ఉంది.

ఆ చేతిని కాసేపు చూద్దాం.

పై మట్టి తీశాక మొదట తగిలేది పుచ్చు రాయి. వాననీళ్లు, చెట్ల వేళ్లు పాడుచేసిన పొరలు. వాటిని తీసి పారేస్తే కింద గట్టి పొర బయటపడుతుంది. పనివాడు దాన్ని ఊడ్చి నీళ్లు చల్లుతాడు. చల్లి ఊరుకుంటాడు. కొత్తగా చూసేవాడికి అతను బీడీ కోసం ఆగినట్టనిపిస్తుంది. ఎండకి రాయి ఆరుతుంది, పగులు ఉన్న చోట మాత్రం తడి ఆలస్యంగా ఆరుతుంది. వెంట్రుక మందాన నల్లటి గీత ఒకటి నిలబడుతుంది. బండ ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా వస్తుందో ఆ గీతే నిర్ణయిస్తుంది. అందుకే అతను ఆర్డరు కొలతతో రాతి దగ్గరికి వెళ్లడు. ముందు రాయి ఎంత ఇస్తుందో చూసి, అందులోంచి ఆర్డరు వెతుక్కుంటాడు. రెండడుగుల చదరం రానిచోట రెండు బై ఒకటిన్నర వస్తుందేమో చూస్తాడు.

తరవాత చిన్న సుత్తి. తట్టి వింటాడు. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల బీట ఉంటే డొల్లగా పలుకుతుంది. అప్పుడు పొర అంచున జానెడు జానెడు దూరంలో ఉలులు పెట్టి ఒక్కోదాన్ని వరసగా, మెల్లగా తడతాడు. ఒక ఉలి మీద రెండో దెబ్బ ముందే పడకూడదు. అన్నిటికీ సమానంగా బరువు పడాలి, లేకపోతే పొర విడిపోడానికి బదులు అడ్డంగా విరుగుతుంది. నాలుగైదు చుట్లు తిరిగేసరికి చప్పుడు మారుతుంది. ఖంగుమన్న రాయి బొంగురుపోతుంది. ఇక ఉలి అవసరం లేదు, గడారి చాలు. గడారి మొన పెట్టి ఎత్తితే పొర పొర్లి వస్తుంది. ఇద్దరు పట్టుకుని దాన్ని వెంటనే అంచు మీద నిలబెడతారు. నాపరాయిని పడుకోబెట్టి మోయకూడదు, తన బరువుకి తనే నడుం విరుచుకుంటుంది. లారీలోనూ నిలబడే ప్రయాణం చేస్తుంది.

చివరికి అంచు. నూలు తాడు పెట్టి గీత గీసి, ఆ గీత వెంట ఉలితో సన్నగా పళ్లు పెట్టుకుంటూ పోవాలి. అడుగుకి ఇన్ని దెబ్బలని లెక్కేమీ లేదు; చెయ్యి ఎరగాలి. ఆ తరవాత గీత బయటి ముక్కను తడితే వేరుశెనగ పొట్టులా ఊడొస్తుంది. మా పంచలో బండల అంచున నేను చూసిన పళ్లు ఇవే. దగ్గరగా, సమంగా, ఒక్కో బండకి నాలుగు పక్కలా. కూలి చవగ్గా ఉన్న రోజుల్లో ఆ పని గనిలోనే పూర్తయ్యేది. మనిషి పొద్దు విలువ తక్కువ కాబట్టి బండ అంచు మీద అంత పొద్దు ఖర్చుపెట్టగలిగారు. నాకు ఆ పని ముచ్చటేస్తుంది, దాని వెనకున్న రేటు తలుచుకుంటే ముచ్చట సగం చస్తుంది.

కూలి లెక్క ఇలా ఉంటుంది. గనిలో చాలామందికి రోజు లెక్కన కాకుండా అడుగు లెక్కన ఇస్తారు. ఎన్ని చదరపు అడుగుల మంచి బండ తీస్తే అంత. రాయి పగుళ్లమయమై రోజంతా కొట్టినా నాలుగు బండలు రాకపోతే ఆ నష్టం కొట్టినవాడిదే. అదే గనిలో పై మట్టి తీయడానికి వచ్చిన ఇటాచీకి గంట లెక్క. కింద మంచి పొర పడ్డా, పుచ్చు పొర పడ్డా దాని గంట దానికి వస్తుంది. మనిషికి అడుగు, మిషన్‌కి గంట. ఒకే గుంతలో రెండు రకాల న్యాయాలు పక్కపక్కన పనిచేస్తుంటాయి. 1948 నాటి కనీస వేతనాల చట్టం షెడ్యూలులో రాళ్లు కొట్టే పని మొదటినుంచీ ఉండేది, పనికొలత మీద ఇచ్చే కూలికీ కనీసం ఇంతని నిర్ణయించే వీలూ ఉండేది. కానీ ఏ పొర మంచిదో ఏది కాదో చట్టానికి తెలియదు కదా.

వ్యాపారం మందగిస్తే ఏమవుతుంది? అడుగు రేటు తగ్గుతుందని పుస్తకం చదువుకున్నవాళ్లం అనుకుంటాం. నోటితో చెప్పిన రేటు సాధారణంగా దిగదు. దిగేది పని దినాలు. వారానికి ఆరు రోజులు కొట్టినవాడు మూడు రోజులు కొడతాడు. బండ ఎంపిక కఠినమవుతుంది. నిన్న మొదటి రకం కింద చెల్లిన బండ ఇవాళ రెండో రకం అవుతుంది. డబ్బు చేతికి రావడం ఆలస్యమవుతుంది. కూలి అంకె అలాగే ఉంటుంది, దాని చుట్టూ ఉన్నవన్నీ కుంగుతాయి. సుప్రీత్ కౌర్ అనే ఆర్థికవేత్త భారతదేశపు జిల్లాల వ్యవసాయ కూలి లెక్కలను వానల లెక్కలతో సరిపోల్చి 2019లో ఇదే తేల్చారు: మంచి వాన పడ్డ ఏడు కూలి పెరుగుతుంది, వాన తప్పిన ఏడు మాత్రం తిరిగి దిగదు, దానికి బదులు పని దొరకదు. కరువు సీమలో పుట్టినవాళ్లకు ఇది కొత్త కాదు. అయినా అంకెల్లో రుజువు కావడం వేరే విషయం.

కూలికి కింద నేల ఒకటి పడ్డది 2006లో. ఆ ఏడు ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైంది. కడప జిల్లా మొదటి విడతలోనే ఉంది. మా వైపు దాన్ని ఇప్పటికీ కరువు పని అనే పిలుస్తారు. అదీ కొలత పనే. గుంత తవ్వి కొలిచి ఇస్తారు. కానీ వేసవిలో వేరే చోట పని ఉందన్న మాట ఒకటి కూలీ చేతికొచ్చింది. ఆ మాట పట్టుకుని బేరం చేసినవాళ్లున్నారు.

కూలి పెరిగింది, అంచు గనిలోంచి ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. గనిలో మనిషి పొర లేపడం వరకే చేస్తాడు. గరుకు బండ బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీకి చేరుతుంది. అక్కడ వజ్రపు పళ్ల చక్రం అంచులు కోస్తుంది, నీళ్లు పారుతుండగా ముతక రాయి నుంచి మెత్త రాయి దాకా వరసగా ముఖం రుద్దుతారు, చివర ఆక్సాలిక్ పొడితో మెరుపు తెస్తారు. ఉలి పళ్లు పోయాయి. ఉలి పళ్లతోపాటు ఆ నేర్పున్న చేతులకి గిరాకీ తగ్గి, మిషన్ దగ్గర నిలబడే చేతులకి పెరిగింది. ఇప్పుడు కరెంటు కూలీలా మారింది. 2012లోనూ, మళ్లీ 2022 ఏప్రిల్‌లోనూ పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టినప్పుడు చక్రం ఆగితే అంచు ఆగింది.

అసలు దెబ్బ మరో వైపునుంచి పడింది. గుజరాత్ మోర్బీ నుంచి టైలు వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వచ్చి, ఇంటి పక్కన పుట్టిన బండతో పోటీ పడింది. ఎలా పడగలిగింది? బరువు లెక్క వేయండి. అంగుళం మందం నాపబండ చదరపు అడుగుకి ఆరు కిలోల పైన తూగుతుంది. రెండడుగుల చదరం పాతిక కిలోలు. పది మిల్లీమీటర్ల టైలు అడుగుకి రెండు కిలోలకు కాస్త పైన. పదహారు టన్నుల లారీలో బండ రెండున్నర వేల అడుగులు పడితే టైలు ఏడు వేల అడుగులు పడుతుంది. అంటే టైలు మూడింతలు దూరం వచ్చినా అడుగు మీద పడే కిరాయి దాదాపు సమానం.

అదీ సగం కథే. బండ మందం ఎక్కడా ఒకేలా ఉండదు. పరిచే మేస్త్రీ ఒక్కోదాని కింద సిమెంటు ఎక్కువ తక్కువలు చేసి, రసమట్టం చూసి పరచాలి, పరిచాక ఇంట్లోనే మళ్లీ రోజుల తరబడి పాలిష్ పట్టించాలి. టైలుకి ఆ బాధ లేదు. బండ సరుకు చవక, పని ఖరీదు. టైలు సరుకు ఖరీదు, పని చవక. కూలి తక్కువగా ఉన్నంతకాలం బండ గెలిచింది. మేస్త్రీ కూలి పెరిగేకొద్దీ తరాజు టైలు వైపు ఒరిగింది. గనిలో కూలీ బతుకు కాస్త మెరుగైతే చాలు, అతను తీసే బండకి ఇళ్లలో చోటు తగ్గుతుంది. ఇంతకన్నా చిక్కు ముడి నేను వేరే వ్యాపారంలో చూడలేదు. పైగా చింతపండు పులుసు ఒలికితే నాపరాతి మీద మచ్చ పడుతుంది. రోజూ పులుసు కాచే సీమ వంటింట్లో ఇది చిన్న కారణం కాదు.

బండలవాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. పెద్ద చదరాలు పోని చోట వెడల్పు తక్కువ ముక్కలు కోసి గోడలకి అతికించే పట్టీలుగా అమ్మారు. ఒకప్పుడు అవి గని పక్కన గుట్టలుగా పడి ఉండే వృథా. పశువుల తొట్టికి నాలుగు పలకలు, అంగడి అల్మారాకి అడ్డ పలకలు, పొలం గట్టు మీద కంచెగా నిలబెట్టే రాళ్లు ఎప్పట్లాగే రెండో రకం బండలకి దిక్కు. కార్లు నిలిపే చోట, వాన తడిసే వాకిట్లో టైలు జారుతుంది గనక గరుకు బండకి మళ్లీ పిలుపొచ్చింది.

అన్నిటికన్నా విడ్డూరం సముద్రం అవతల. ఇంగ్లండులో ఇళ్ల వెనక తోటల్లో పరుచుకోడానికి "కడఫా బ్లాక్" అని ఒక నల్ల సున్నపురాయి అమ్ముతారు. అక్కడివాళ్లకి నునుపు అక్కర్లేదు. పొర విప్పినప్పటి గరుకు ముఖం, చేత్తో కొట్టిన అంచు కావాలి. సరుకు వివరంలో ఆ సంగతి ప్రత్యేకంగా రాసి మరీ అమ్ముతారు. చెయ్యి కొట్టిన అంచు దొరకనివాళ్లకి ఇంకో దారి ఉంది. కోసిన బండలను డ్రమ్ములో వేసి తిప్పితే ఒకదానికొకటి కొట్టుకుని తిన్నటి అంచు మొద్దుబారి, పాతకాలపు నేలలా కనిపిస్తుంది.

మొన్న ఊరికి వెళ్లినప్పుడు మా పంచలో కూర్చుని గడప పక్కన బండ అంచు మీద వేలు పెట్టి నడిపించాను. మూడడుగుల పొడుగున పళ్లు సమంగా వెళ్లాయి. ఒక్క చోట ఉలి జారి లోపలికి చిన్న గాటు పడింది. ఆ గాటు అవతల రెండు పళ్లు మరీ దగ్గరగా పడ్డాయి, మూడోదానికల్లా మళ్లీ పాత ఎడమే.