వన్స్‌మోర్‌కి టైం లేదట

మొన్న ఆదివారం ఊళ్లో ఒక హాల్లో కాటిసీను చూస్తున్నాను. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుని, చివరి పాదం మీద రాగం తీసి దించాడో లేదో, బాల్కనీలోంచి ఒక పెద్దాయన "వన్స్‌మోర్!" అని కేకేశాడు. వెంటనే తెర పక్కనుంచి మైకు అందుకుంది: "దయచేసి వన్స్‌మోర్‌లు అడగొద్దు, హాలు టైమైపోతోంది." నటుడు చేతులు జోడించి తర్వాతి పద్యంలోకి వెళ్లిపోయాడు. అంతకుముందు ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అంటూ గంటకు పైగా సన్మానాలు నడిచాయి. అప్పుడు ఎవరికీ హాలు టైము గుర్తు రాలేదు. (శాలువాల మీద నా అభిప్రాయం మీకు కంఠోపాఠమే. మళ్లీ మొదలెట్టను.)

వింతేమిటంటే, నాకు ఒళ్లు మండింది. వన్స్‌మోర్‌కి నేను పాత శత్రువునని మీకు తెలుసు. పద్యనాటకాన్ని పాటకచేరీగా మార్చింది అదేనని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు దుమ్మెత్తిపోశాను. రాయబారంలో కృష్ణుడు యుద్ధం తప్పదని హెచ్చరిస్తాడు, జనం అడిగితే మళ్లీ హెచ్చరిస్తాడు, ఇంకా అడిగితే ఇంకోసారి. దుర్యోధనుడు ఆసనం మీద మీసం దువ్వుకుంటూ కూర్చోవాలి. ఇక కథకి ఊపిరెక్కడిది?

ఈ నెల తిరుగుడు కాస్త ఎక్కువే అయింది. సురభి వాళ్ల 'మాయాబజార్' చూశాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన వంశం అది. ఒక తెర లేస్తుండగానే ఇంకోటి దిగుతుంది, వన్స్‌మోర్ అందామన్నా సందు దొరకదు. రీరిలీజైన సినిమా ఒకటి చూశాను. పాట అయిపోగానే కుర్రాళ్లు ఆపరేటర్‌ని కేకలేసి మళ్లీ వేయించుకున్నారు. ఖరీదైన కొత్త రెస్టారెంటుకి తీసుకెళ్లారు, అక్కడ గోంగూర ఐస్‌ని ఒక్క చెంచాడు, అంత పెద్ద పళ్లెం మధ్యలో పెట్టి ఇచ్చారు. బాగుంది, ఇంకొంచెం తెమ్మన్నాను. "నెక్స్ట్ కోర్స్ వస్తుంది సార్" అన్నాడు అబ్బాయి. మారు వడ్డించని చోట భోజనానికి వెళ్లకూడదని ఇంటికొచ్చి మా ఆవిడతో తీర్మానం చేయించాను.

న్యూజెర్సీ నుంచి వచ్చిన మా అబ్బాయి టీవీలో ఒపేరా పెట్టాడు. హువాన్ డియేగో ఫ్లోరెస్ అనే పెరూ గాయకుడు డోనిజెట్టి రాసిన పాట అందుకున్నాడు. అందులో తారస్థాయి స్వరం తొమ్మిదిసార్లు కొట్టాలి. 2007లో మిలాన్‌లోని లా స్కాలాలో జనం ఊరుకోకపోతే ఆయన ఆ పాటంతా మళ్లీ పాడాడట. 1933 తర్వాత అక్కడ ఒక సోలో గాయకుడు అలా మళ్లీ పాడటం అదే మొదలు. మర్నాడు పేపర్లలో వార్త! మన నాటకాల వాళ్లు రాత్రికి పదిసార్లు చేసే పనికి.

నవ్వుకున్నాను గానీ, ఆ రాత్రి మా ఊరి తిరనాళ్ల నాటకం గుర్తొచ్చింది. కాంట్రాక్టు నాటకం. రాత్రి పదింటికి మొదలై కోడి కూసేదాకా. కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజామయ్యేది. హరిశ్చంద్ర నాటకం బలిజేపల్లి వారిది, అయినా కాటిసీను అనగానే జనం ఎదురుచూసేది జాషువా గారి శ్మశానవాటి పద్యాల కోసం. నటులు వాటిని తెచ్చి కలుపుకుంటే, జనం అడిగి అడిగి పాడించుకుని అక్కడే పాతుకునేలా చేశారని నా నమ్మకం.

ఓ ఏడు వచ్చిన హరిశ్చంద్రుడిది కొంచెం జీరగొంతు. మొదటిసారి అందరిలాగే పాడాడు. చివరి అక్షరం పట్టుకుని సాగదీశాడు, హార్మోనిస్టు వెంటపడ్డాడు, ఈలలు. వన్స్‌మోర్ అన్నారు. ఒకాయన స్టేజీ ఎక్కి పదిరూపాయల నోటు అతని గుండెకి పిన్నుతో గుచ్చి దిగాడు. రెండోసారి ఎత్తుకోబోతూ అతను హార్మోనియం వైపు అరచెయ్యి కిందికి తిప్పి చూపించాడు. హార్మోనిస్టు శ్రుతి ఒక్కటే పట్టి ఊరుకున్నాడు. ఈసారి రాగం లేదు. మూడో పాదం దగ్గర ఆగి, కర్ర ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, చితి వైపు తిరిగి, మిగతాదంతా పక్కనున్న మనిషితో చెప్పుకుంటున్నట్టు పాడాడు. ఈలేసినవాళ్లు గప్‌చుప్. మూడోసారి ఎవరూ అడగలేదు.

మొదటిసారి జనానికి కావలసింది ఇచ్చేశాడు, అప్పు తీరింది. రెండోసారి తనకి తోచింది చేశాడు. ఆ సందు వన్స్‌మోర్ ఇచ్చిందే. సినిమాలో కుర్రాళ్లకి ఎన్నిసార్లు వేసినా అదే పాట, అదే అడుగు. లా స్కాలాలో మాత్రం ఊపిరి నిలబడుతుందా లేదా అని రెండోసారి కూడా హాలంతా బిక్కుబిక్కుమనే ఉంటుంది. అందుకే ఇవాళ పార్టీ మారుస్తున్నాను. అడగండి, అడగనివ్వండి.

చంద్రమతి పద్యాలకి మాత్రం నా పాత మాటే. ఆ రాత్రే మా ఊళ్లో ఆమెకీ వన్స్‌మోర్ పడింది. పాము కరిచి చచ్చిపోయిన లోహితాస్యుడు ఆమె ఒళ్లో మొదటి పద్యమంతా కదలకుండా పడుకున్నాడు పాపం. రెండోసారి సగంలో దోమ కుట్టింది, కాలు గోక్కున్నాడు. చంద్రమతి రాగం ఆపకుండానే వాడి తొడ మీద ఒకటి వేసింది.