రాని జట్లు, గెలిచిన జట్టు

పాత టోర్నీల పట్టికలు తిరగేయడం నాకో వ్యసనం. విజేత పేరు చూడగానే ఎవరెవరు ఆడలేదో వెతకబుద్ధి అవుతుంది. గ్రీసు ఫుట్‌బాల్ పట్టికలో మొదటి వరుసే అలాంటిది: 1927–28, విజేత థెస్సలొనీకి నగరానికి చెందిన ఆరిస్.

బంతాట అక్కడికి అంతకు చాలా ముందే వచ్చింది. 1906లో ఏథెన్స్‌లో జరిగిన క్రీడల ఫైనల్లో ఏథెన్స్ జట్టు డెన్మార్క్ చేతిలో మొదటి సగంలోనే 9 గోల్స్ తింది. రెండో సగం ఆడనే లేదు. రెండో స్థానం కోసం ఆడమంటే అదీ కుదరదంది. దాంతో థెస్సలొనీకిని 12–0తో చిత్తు చేసిన స్మిర్నా రజతం పట్టుకెళ్లింది. స్మిర్నా, థెస్సలొనీకి రెండూ అప్పటికి ఒట్టోమన్ ఏలుబడిలోని ఊళ్లే.

ఏథెన్స్, పిరయస్, థెస్సలొనీకి సంఘాలు కలిసి 1926లో జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. మరుసటి ఏడాది మొదలైన సీజన్‌లో మూడు నగరాల ఛాంపియన్లకు పోటీ పెట్టారు. ఏథెన్స్ నుంచి అట్రోమిటోస్, పిరయస్ నుంచి ఎత్నికోస్, థెస్సలొనీకి నుంచి ఆరిస్ వచ్చాయి.

మరి పెద్ద జట్లేవి? ఒలింపియాకోస్‌కు సమాఖ్యతో పేచీ వచ్చింది. పనథినైకోస్, ఏఈకే దాని పక్షాన నిలిచాయి. మూడూ కలిసి ‘పోక్’ పేరుతో వేరు కుంపటి పెట్టి, తమలో తాము స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడుకున్నాయి.

అంచేత ఆరిస్ టైటిల్‌ను చిన్నచూపు చూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నాకది నచ్చదు. పెద్ద జట్లు అలిగి కూర్చుంటే తప్పు వచ్చి ఆడినవాడిదా? పాకిస్తాన్, ఆస్ట్రేలియా రాలేదని 1980 మాస్కో హాకీ స్వర్ణాన్ని మనం కాదనుకున్నామా?

పేచీ తీరింది. 1929–30లో పనథినైకోస్ ఛాంపియన్ అయింది. ఆ సీజన్‌లోనే ఒలింపియాకోస్‌ను 8–2తో ఓడించింది. ఆ స్కోరును పనథినైకోస్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆనాటి నుంచి టైటిళ్లలో అత్యధికం ఆ మూడు జట్ల ఇళ్లకే చేరాయి. వాటిని దాటి గెలిచినవి ఆరిస్, పావోక్, 1988లో లరిస్సా మాత్రమే.

ఆరిస్ 1932లో, 1946లో మళ్లీ గెలిచింది. ఆ తర్వాత ఇప్పటిదాకా దానికి లీగ్ టైటిల్ దక్కలేదు.