అప్రస్తుత ప్రసంగికి కుర్చీ

అష్టావధానం చూసినవాళ్లకి తెలిసిన సంగతే. ఎనిమిదిమంది పృచ్ఛకుల్లో ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, నిషిద్ధాక్షరి వాళ్లు అక్షరం అక్షరానికీ అడ్డం పడతారు. అప్రస్తుత ప్రసంగం ఆయన మాత్రం, అవధాని పద్యం మూడో పాదంలో తలమునకలై ఉండగా, "అవధానిగారూ, ఇంతకీ మీ ఇంట్లో వంట ఎవరిది?" అని అడుగుతాడు. సభ నవ్వుతుంది. అవధాని ఆ నవ్వుని ఇంకో మెట్టు ఎక్కించి, మళ్లీ పాదం అందుకోవాలి. విషయం దాటి మాట్లాడటానికని ఒక మనిషిని పిలిచి, కుర్చీ వేసి కూచోబెట్టిన సంప్రదాయం మనది.

ఈమధ్య స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒక పాత జవాబు మళ్లీ చదువుతుంటే ఆ కుర్చీ గుర్తొచ్చింది. కోడ్ రాసేవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు చదివే ఉంటారు. 2009 నవంబరులో ఎవరో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో హెచ్‌టీఎమ్ఎల్ ట్యాగుల్ని పట్టుకోవడం ఎలా అని అడిగారు. (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటే అక్షరాల వరసలో ఒక నమూనాని వెతికిపెట్టే సూత్రం అనుకోండి. ఒకదాని లోపల ఇంకోటి, దాని లోపల మరోటి ఇరుక్కుని ఉండే హెచ్‌టీఎమ్ఎల్‌ని పూర్తిగా అర్థం చేసుకోవడం దానివల్ల కాదు.) జవాబు మామూలుగానే మొదలవుతుంది: అది కుదరదు. తర్వాత కూడా అదే మాట, కాస్త విసుగ్గా. ఇంకాస్త ముందుకెళ్తే వాక్యాలు ఎక్కడ ఆగాలో మర్చిపోతాయి, చెప్పేవాడికి మతి తప్పుతోందని మనకి అర్థమవుతుంది, ఏదో క్షుద్రశక్తి నిద్ర లేస్తుంది. చివర్లో అక్షరాల మీదా కిందా గుర్తులు పుట్టలు పుట్టలుగా మొలిచి, పేజీయే పాడైపోయినట్టు కనిపిస్తుంది.

నాకు ఆఖరి గుర్తుల గారడీ కన్నా దానికి ముందు భాగం ఇష్టం. ఇది సాయం చేసే గొంతు, ఇది పిచ్చెక్కిన గొంతు అని గీత గీసి చూపించలేం. యూజర్ మాన్యువల్ భాషలో మొదలై దయ్యాల కథగా మారడం అంత నున్నగా జరిగిపోతుంది. మంచి రచనే, సందేహం లేదు.

కానీ అడిగినదానికి జవాబు కాదు. అడిగిన మనిషికి కావలసింది మొదలయ్యే ట్యాగులు మాత్రమే. ఆ చిన్న పనికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ సరిపోతుందని కింద వేరేవాళ్లు ఓపిగ్గా రాశారు కూడా. అంటే ఆ చోట అందరికీ తెలిసిన జవాబు, ఆ చోటి నియమం ప్రకారం చూస్తే, అప్రస్తుతం. మరి మోడరేటర్లు ఏం చేశారు? తీసేయలేదు. ఎవరూ చెయ్యి పెట్టకుండా తాళం వేసి, ఇది ఇలాగే ఉండాలి, పాడైందని మాకు ఫిర్యాదు చెయ్యకండి అని కింద ఒక గమనిక తగిలించారు. మ్యూజియంలో బొమ్మకి అద్దాల పెట్టె బిగించినట్టు.

ఇది కబుర్లు నిషేధమని పరిచయం పేజీలోనే చెప్పుకునే చోటు. 2008లో మొదలైనప్పటినుంచీ దాని లెక్క ఒకటే. ప్రశ్న అడిగినవాడిది కాదు, రేపు అదే చిక్కులో పడి వెతుక్కుంటూ వచ్చే వేలమందిది. అందుకే మొదట్లో పెట్టిన నమస్కారాన్ని సాఫ్ట్‌వేరే కత్తిరిస్తుంది, చివర పెట్టిన థాంక్స్‌ని ఎవరో ఒకరు దిద్దేస్తారు. ఈ పద్ధతిని నేను తప్పుపట్టను. పాతకాలం చర్చల్లో పుట్టినరోజు శుభాకాంక్షల కింద, రాజకీయాల కింద, పదకొండో పేజీలో పరిష్కారం దొరికిన రాత్రులు నాకూ ఉన్నాయి. వాళ్లు చేసింది ఎడిటర్ పని. ప్రబంధం ముందుండే అవతారిక తీసేసి నేరుగా కథలోకి దించినట్టు. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కృతిపతి వర్ణన అన్నీ ఎగిరిపోయాయి. నిజం చెప్పొద్దూ, మనలో ఎంతమందిమి అవి వదిలేసి చదవలేదు?

కాకపోతే "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టకపోతే మార్కులు కోసే బళ్లో చదువుకుని వచ్చినవాడికి ఆ దిద్దుబాటు ఎడిటింగులా కనపడదు. తన మర్యాదని ఎవరో చెరిపేసినట్టుంటుంది. కొత్తవాళ్లకి అక్కడ ఆదరణ తక్కువని ఆ కంపెనీయే 2018లో బాహాటంగా ఒప్పుకుంది. పోనీ కబుర్లకి పక్కగది లేదా అంటే, ఉంది. చాట్ గదులున్నాయి. అక్కడ నోరు విప్పాలంటే చాలాకాలం పాటు ముందు ఇరవై పాయింట్లు సంపాదించాల్సి వచ్చేది. చర్చలు కావాలన్నవాళ్ల కోసం ఇంకో సైటే తెరిచారు. ప్రతిపాదనలో దాని పేరు అక్షరాలా "ప్రోగ్రామింగ్‌కి సంబంధం లేనివి". తర్వాత "ప్రోగ్రామర్స్" అయింది, నియమాలు బిగిశాయి, ఇప్పుడది "సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్". మొదట్లో అక్కడ నడిచిన చర్చలు చాలావాటికి ఇప్పుడు అక్కడే చోటు లేదు.

ఇదంతా బయట నిలబడి చెప్పడం తేలికే. తెలుగులో ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ల చిన్న గ్రూపొకటి చూసుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఒక సాయంత్రం డేటాబేస్ ఎర్రర్ గురించి మాట్లాడుకుంటుంటే మధ్యలో ఒకబ్బాయి రాశాడు: ఆఫీసులో నోటీసు ఇచ్చారు, ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఎక్కడైనా ఖాళీలుంటే చెప్పండన్నా అని. నాలుగు నిమిషాల్లో తీసేశాను. దానికి బదులు రెడీగా పెట్టుకున్న వాక్యం అతికించాను: ఇది గ్రూపు విషయం కాదు, దయచేసి నియమాలు చదవండి. నియమం సరైనదే. ముందురోజే అదే నియమంతో మూడు ఉద్యోగ ప్రకటనలు పీకేశాను. రెండు వారాల తర్వాత చూస్తే ఆ అబ్బాయి గ్రూపులో లేడు.

నన్ను ఇప్పటికీ గుచ్చేది అది కూడా కాదు. అదే నెలలో, అదే గ్రూపులో, మీటప్‌లో సమోసాలు ఎవరు తినేశారనే పరాచికం రెండ్రోజులు నడిచింది. ఎవరూ తీసెయ్యలేదు. ఆడినవాళ్లు పాతవాళ్లు. నేనూ రెండు జోకులు వేశాను.

ఆ తాళం వేసిన జవాబుని ఈ సంగతి తెలిశాక మళ్లీ చదవండి. అందులో నవ్వు ఎవరి మీద? అడిగినవాడి మీద. లోపలివాళ్ల భాషలో, లోపలివాళ్ల కోసం, తెలియక అడిగిన ఒక మనిషి నెత్తిన కట్టిన మేడ అది. అందుకే అప్రస్తుతమైనా క్లాసిక్ అయింది. అవధానంలో అప్రస్తుత ప్రసంగి గురి ఎవరి మీద? వేదిక మీద అందరికన్నా బలవంతుడైన అవధాని మీద. వెనక వరసలో కూచుని దత్తపది అంటే ఏమిటండీ అని అడిగే కుర్రాడి మీద కాదు.

మా గ్రూపులో ఇప్పుడొక పక్కగది ఉంది. పేరు "అప్రస్తుతం". పాయింట్లేమీ అక్కర్లేదు. మొదటి వారం ఎవరూ రాలేదు, తర్వాత ఎవరో పిల్లి ఫొటో పెట్టారు, తర్వాత సమోసాల బ్యాచ్ దిగింది. మొన్న ఒకమ్మాయి తనకి నోటీసు వచ్చిందని రాసింది. నేను చూసేసరికే కింద పదకొండు జవాబులున్నాయి.