నాదానికి ఇద్దరు సాక్షులు

ఒకే శ్రుతిలో గొంతు నిలిపి ‘ఆ’ అని, వెంటనే ‘ఈ’ అని పలికి చూడండి. కంఠతంత్రుల కంపనసంఖ్య మారదు. మారేది నోటి ఆకృతి. అది కొన్ని ఉపస్వరాలను పెంచి, కొన్నింటిని అణచడం వల్లనే అచ్చుల భేదం ఏర్పడుతుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్జ్ 1863 నాటి తన గ్రంథంలో వివరించాడు. ఏ ఉపస్వరం నిలవాలన్నది నిర్ణయించేదేమిటన్న ఈ ప్రశ్ననే మన చర్మవాద్యాల ముందుంచినవాడు సర్ సి.వి. రామన్. విశాఖపట్నంలో విద్యాభ్యాసం చేసిన రామన్ 1917 వరకు ఆర్థికశాఖలో ఉద్యోగిగా ఉంటూ, తీరికవేళల్లోనే పరిశోధన సాగించాడు.

సమంగా బిగించిన మామూలు చర్మం ఇచ్చే ధ్వనుల నిష్పత్తి 1, 1.59, 2.14, 2.30గా సాగుతుంది. ఇవి పూర్ణాంకాలు కానందున శ్రుతి స్పష్టపడదు. మృదంగం కుడిమూతపై అన్నం, రాతిపొడి కలిపిన నల్లని ముద్దను పొరలుపొరలుగా రుద్ది, నడుమ మందంగా, అంచున పలుచగా నిలుపుతారు. ఆ బరువు వల్ల తొమ్మిది కంపన రీతులు అయిదు స్వరాలుగా కూడి, 1, 2, 3, 4, 5 నిష్పత్తికి చేరుతాయి. 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలోనూ, 1934లో విపులంగానూ రామన్ దీనిని ప్రకటించాడు. చర్మంపై ఇసుక చల్లి, అది గీసిన రేఖలనే సాక్ష్యంగా చూపాడు. పొగడ్తకు బదులు పరీక్షను ఆశ్రయించడం ఆ రచన గొప్పతనం.

అయితే ఒక వెలితి ఉన్నది. 1922లో రామన్ రాసిన వ్యాసం పేరు ‘ప్రాచీన హిందువుల ధ్వనిశాస్త్ర జ్ఞానం’. ‘ప్రాచీనులు’ అన్న సమష్టి నామంలో పనివాని చేయి కనుమరుగవుతుంది. వాదనతో ఆ ముద్ద అరుగుతుంది, పగులుతుంది. మళ్లీ వేయక తప్పదు. కనుక ఆ జ్ఞానం ప్రాచీనం మాత్రమే కాదు. ఎవరో ఒకరు చెవి ఒగ్గి, నేడు కూడా కొత్తగా చేయవలసిన పని.

ఆ ‘ఎవరో’ ఎవరన్నది టి.ఎం. కృష్ణ 2020లో వెలువరించిన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ చెబుతుంది. మృదంగ నిర్మాతల్లో అనేకులు దళిత క్రైస్తవ కుటుంబాలవారు. చర్మాన్ని ముట్టిన చేతిని దూరముంచి, అదే చర్మం పలికిన నాదాన్ని పూజాపీఠమెక్కించిన వైరుధ్యాన్ని ఈ గ్రంథం దాచదు. రామన్ నాదానికి కారణం చూపాడు. కృష్ణ కారకుని చూపాడు. ఒకరిని చదివి మరొకరిని విడిచితే చరిత్ర సగమే దక్కుతుంది.

మావంటి ఉద్యోగులు చేయదగిన చిన్న పని ఒకటున్నది. ప్రదర్శనశాలలో వాద్యం పక్కన కాలం, ప్రాంతం, కర్ర జాతి రాస్తాము. తెలిసినచోట చేసినవారి పేరు కూడా రాయాలి. ఇకమీదట సేకరించే ప్రతి వాద్యానికీ ఆ పేరు అడిగి తెలుసుకోవాలి.