చోటు చెప్పే లింకు

పానగల్ ఛాయా సోమేశ్వరాలయం చూడటానికి వచ్చేవాళ్లకు గుడి దాకా దారి చెబితే సరిపోదు. అది త్రికూటాలయం, మూడు గర్భాలయాలు. పగలంతా కదలకుండా నిలిచే నీడ వాటిలో ఒక్కదానిలోనే పడుతుంది. ఏ గర్భాలయమో ముందే చెప్పకపోతే మిగతా రెండూ చూసి "నీడ ఏదండీ?" అని అడగాల్సిందే. పొడవాటి వెబ్ పేజీ లింకు పంపి, అందులో ఎక్కడ చూడాలో చెప్పకుండా వదిలేయడం కూడా ఇలాంటిదే.

ఈమధ్య మా వాడలో ఒక పిల్లవాడు ఏదో ఉద్యోగ ప్రకటన పీడీఎఫ్ పంపి, "కాకా, వయసు సడలింపు మాకు వస్తదా, సూడరాదూ" అన్నాడు. పుటలు తిప్పితే జవాబు మధ్యలో ఒక పట్టికలో ఉంది. నేను ఆ పుట దగ్గరే తెరుచుకునేలా లింకు పంపాను. పీడీఎఫ్ చిరునామా చివర హ్యాష్ గుర్తు పెట్టి, ఇంగ్లీషులో పేజ్ అని రాసి, ఈక్వల్ గుర్తు పక్కన పుట సంఖ్య వేస్తే చాలు. పుట అడుగున అచ్చయిన అంకె కాదు, ఫైలు మొదటి పుట నుంచి లెక్కపెట్టిన సంఖ్య వేయాలి. కంప్యూటర్ బ్రౌజర్లలో ఇది బాగా పనిచేస్తుంది. ఫోన్లు చాలాసార్లు ఫైలును దించుకుని మొదటి పుటే చూపిస్తాయి కాబట్టి, పుట సంఖ్యను మాటల్లో కూడా రాసి పంపడం మంచిది.

హ్యాష్ గుర్తు కొత్తదేమీ కాదు. టిమ్ బెర్నర్స్ లీ వెబ్‌ను రూపొందించిన తొలినాళ్ల నుంచీ ఉంది. దాని తర్వాత రాసిన ముక్క అవతలి సర్వర్‌కు వెళ్లదు. పేజీ వచ్చాక మన బ్రౌజరే ఆ పేరున్న చోటు వెతికి అక్కడికి జరుపుతుంది. ఆ పేరు దొరక్కపోతే ఒక్క మాటైనా చెప్పకుండా పేజీ మొదట్లోనే వదిలేస్తుంది. లింకు చెడిందని చదివేవాడికి తెలియనే తెలియదు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇది రోజూ ఎదురయ్యే సంగతి. ఊళ్ల వ్యాసాల్లో విద్యా సౌకర్యాలు, భూమి వినియోగం, నీటిపారుదల వంటి శీర్షికలు ఉంటాయి. వ్యాసం పేరు, హ్యాష్, శీర్షిక పేరు రాస్తే నేరుగా అక్కడికే చేరతాం. ఎవరో మంచి ఉద్దేశంతోనే "చరిత్ర"ను "గ్రామ చరిత్ర"గా మారుస్తారు. అంతే, బయటి నుంచి ఆ చోటుకు వచ్చే దారులన్నీ పోతాయి. అందుకే శీర్షిక మార్చినా పాత పేరును అక్కడే గుర్తుగా ఉంచడం నేర్చుకున్న సంపాదకులంటే నాకు గౌరవం.

శీర్షికలే లేని పేజీల సంగతి? 2020లో క్రోమ్ ఒక దారి తెచ్చింది. కావలసిన వాక్యాన్ని వేలితో ఎంచి, హైలైట్‌కు లింకు తీసుకుంటే, తెరిచినవాళ్లకు ఆ వాక్యమే రంగు పూసుకుని కనిపిస్తుంది. తర్వాత సఫారీ, ఫైర్‌ఫాక్స్ కూడా అందుకున్నాయి. మన భాషతో మాత్రం ఒక చిక్కుంది. ఈ పద్ధతి పూర్తి మాటలనే పోలుస్తుంది. పేజీలో "పానగల్లో" అని ఉంటే "పానగల్" అని అడిగినా దొరకదు. విభక్తి మాటకు అతుక్కుని ఉండే భాష కదా, మాటను తోకతో సహా తీసుకోవాలి. పైగా తెలుగు మాట చిరునామాలోకి వెళ్లాక శాతం గుర్తులు, అంకెలు, అక్షరాలుగా విడిపోతుంది. "పానగల్" అన్న ఒక్క పేరే 54 గుర్తులవుతుంది. అంత పొడుగు లింకు చూసి జనం మోసమేమోనని భయపడతారు. అందుకే వాక్యమంతా కాకుండా రెండు మూడు మాటలే ఎంచుతాను. లింకుకు ముందు అది దేని గురించో ఒక వరుస రాస్తాను.

ఇంత శ్రద్ధ మనకు ఇప్పుడే కొత్తగా రావలసింది కాదు. కవిత్రయ భారతంలోని పద్యాన్ని ఉదహరించేవాళ్లు పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్య వేస్తారు. ప్రచురణలు మారితే సంఖ్య కాస్త అటూ ఇటూ అవుతుందేమో గానీ పద్యం చేతికి చిక్కుతుంది. పుట సంఖ్య వేసి ఉంటే తర్వాతి ముద్రణలోనే అది పనికిరాకుండా పోయేది. శాసనాలను అచ్చువేసే పండితులు రాతి మీది పంక్తులకు అంకెలు వేస్తారు. ఒక దానం గురించి వాదన వస్తే ఫలానా శాసనం, ఫలానా పంక్తి అని చూపించవచ్చు.

పానగల్ శాసనాలను కూడా వెబ్‌లో అలాగే చూడాలని నా కోరిక. శాసనాల సంపుటం మొత్తాన్ని ఒకే స్కాన్‌గా పెడితే చాలదు. ఒక్కో శాసనానికి ఒక చిరునామా, ఒక్కో పంక్తికి ఒక హ్యాష్ గుర్తు ఉండాలి. అక్కడి ఉదయసముద్రం చెరువు గురించి రాసే బడిపిల్ల తన వ్యాసంలో "ఈ పంక్తి చూడండి" అని లింకు పెడితే, చదివేవాళ్లు సరిగ్గా ఆ పంక్తి దగ్గరే దిగాలి.