వారసులు లేని లాంఛనం

చిత్తూరు, తిరుపతి వైపు కతోలిక విచారణలు 1976లో ఏర్పడిన కడప మేత్రాసనం కిందికి వస్తాయి. పక్కనున్న కర్నూలు పీఠం మీద 2008 నుంచి 2020 దాకా బిషప్‌గా ఉన్న పూల ఆంథోని తర్వాత హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయ్యారు, 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో తొలి కార్డినల్ ఆయన, దళితుల్లోంచి వచ్చిన తొలి కార్డినలూ ఆయనే. ఇలాంటి మూడు మెట్లనూ చర్చి లాంఛనం ఒక్క టోపీతో చెబుతుంది. బిషప్‌కైతే డాలు మీద ఆకుపచ్చ టోపీ, అటు ఆరు ఇటు ఆరు కుచ్చులు. అగ్రపీఠాధిపతికి అదే రంగు, కుచ్చులు పక్కకు పదేసి. కార్డినల్‌కు టోపీ ఎర్రనవుతుంది, కుచ్చులు పదిహేనేసి అవుతాయి. డాలు వెనక శిలువకు బిషప్ అయితే ఒక అడ్డకమ్మి, అగ్రపీఠాధిపతి అయితే రెండు. ఇవన్నీ పదవికి కట్టిన గుర్తులు, ఎవరూ ఇష్టమొచ్చినట్టు మార్చుకోలేరు. డాలు మీది బొమ్మలూ, కింద పట్టీ మీది ధ్యేయవాక్యమూ మాత్రం ఆ మనిషి ఎంచుకున్నవి.

ఇందులో ఏదీ వారసత్వంగా మరొకరికి పోదు. బిషప్ లాంఛనంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే. 12వ శతాబ్దపు యూరప్‌లో యుద్ధంలో మనిషిని గుర్తుపట్టడానికి మొదలైన డాలు బొమ్మ కొద్దికాలంలోనే వంశాల సొత్తయింది. ప్రభువుల ఇళ్లలో పుట్టి బిషప్పులైనవాళ్లు ఇంటి డాలునే పెట్టుకునేవాళ్లు కూడా. కానీ ఏ డాలూ లేని ఇంటి నుంచి వచ్చినవాడికి చర్చి కొత్త డాలు రాసుకునే వీలిచ్చింది. ఊళ్లో ఉత్తరాలు మోసే మనిషి కొడుకు జుసెప్పె సార్తో బిషప్ అయినప్పుడు లంగరునూ నక్షత్రాన్నీ ఎంచుకున్నాడు. పదో పయస్ పోపు అయ్యాకా అవే ఆయన డాలు మీద ఉన్నాయి. పుట్టుకే మనిషి విలువ తేల్చే నేల మీద, తాతల పేరుతో పనిలేకుండా ఒక మనిషికి దక్కి అతనితోనే ముగిసే గౌరవచిహ్నం చిన్న విషయం కాదు.

ఇది పరాయి సంప్రదాయం, మనకెందుకు అనేవాళ్లున్నారు. లాంఛనం మనకు పరాయిదేమీ కాదు. విజయనగర రాజుల వరాహం, సూర్యచంద్రులు, కత్తి మనకు తెలిసినవే. చంద్రగిరి నుంచి ఏలిన వేంకటపతి రాయల తామ్రశాసనాల చివర సంతకంగా ఉండేది రాజు పేరు కాదు, ‘శ్రీ వేంకటేశ’ అన్న దేవుడి పేరు. అధికారం తనది కాదని ఒప్పుకునే ఆ పద్ధతికీ, బిషప్ తన డాలుకు వెనక శిలువను నిలపడానికీ మధ్య పెద్ద దూరం లేదు. 16వ శతాబ్దం చివర జెసూయిట్లు వచ్చింది ఆ రాయల కొలువుకే. వాళ్ల గుర్తు, సూర్యకిరణాల మధ్య యేసు నామాక్షరాలు, నిన్నమొన్నటి దాకా ఫ్రాన్సిస్ పోపు డాలు మీద చూశాం.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. డాలు భూస్వాముల ఆడంబరం, పేదల చర్చికి అది తగదు అని. ఆడంబరం ఉన్నమాట నిజమే. అందుకే 1951లో రోమ్ బిషప్పుల లాంఛనాల నుంచి ప్రభువంశాల కిరీటాలను తీయించింది. 1969లో బిషప్ తలపాగానూ కాపరి దండాన్నీ కూడా డాలు మీంచి దించింది. కార్డినళ్లకు నిజమైన ఎర్రటోపీ ఇవ్వడమూ ఆ ఏడాదితోనే ఆగింది. ఇప్పుడది బొమ్మలోనే ఉంది. చర్చిలో మాత్రం కులం లేదా అని అడిగితే, ఉంది. 2003లో రెండో జాన్ పాల్ పోపు తమిళనాడు బిషప్పులకు ఆ సంగతి సూటిగానే చెప్పారు. డాలు కులాన్ని పోగొట్టదు. అయితే ఈ పదవికి పుట్టుకతో పనిలేదని చర్చి తానే బొమ్మ గీసి గోడకెక్కించినప్పుడు, శ్మశానంలోనూ గుడి వరసల్లోనూ ఆ మాట ఎందుకు నిలబెట్టుకోవు అని నిలదీసే హక్కు విశ్వాసులకు వస్తుంది. బొమ్మను తీసేస్తే ఆ హక్కుకు ఒక ఆధారం తగ్గుతుంది.

నా అసంతృప్తి వేరే చోట ఉంది. లాంఛనశాస్త్రంలో పాత నియమం ఒకటుంది: బంగారు, వెండి రంగుల మీద మళ్లీ అవే వేయకూడదు, ముదురు రంగు మీద ముదురు రంగు వేయకూడదు. దూరం నుంచి చూసినా బొమ్మ తెలియాలన్నది దాని ఉద్దేశం. ఒకే డాలులో పావురం, పుస్తకం, దీపం, గుడి, పటం అన్నీ కూరితే ఆ ఉద్దేశం దెబ్బతింటుంది. చూసేవాడికి ఏదీ గుర్తుండదు. ఈ సీమలో వెతికితే ఒక్క బొమ్మ చాలు. శేషాచలం ఎర్రచందనం ఉంది. వాన కోసం చూసే మెట్టచేలలో వేరుశనగ మొక్క ఉంది. ఆకుపచ్చ డాలు మీద పసుపు రంగులో, కాయలు కిందికి వేలాడుతూ గీస్తే పుంగనూరు రైతు కూడా అడక్కుండానే పోల్చుకుంటాడు. ధ్యేయవాక్యం లాటిన్‌లోనే ఉండాలన్న నియమమూ లేదు, తెలుగులో రాసుకోవచ్చు.