బఠానీ గింజలూ, రక్తం మాటలూ: పదో తరగతి అనువంశికత పాఠంపై వొక విమర్శ

పరీక్షల దృష్టితో చూస్తే అనువంశికత తేలికైన పాఠమే. బఠానీ మొక్కలు, 3:1 నిష్పత్తి, నాలుగు గళ్ళ పట్టిక, ఎక్స్ వై క్రోమోజోములు. గళ్ళు సరిగ్గా నింపినోళ్ళకు మార్కులు పడిపోతాయి. కానీ యిది పుట్టుకే మనిషి విలువ అని తరతరాలుగా నమ్మించిన దేశం. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు ఏం వస్తుంది, ఏం రాదు అన్నది బడిలో శాస్త్రబద్ధంగా చెప్పే పాఠం దాదాపు యిదొక్కటే. దాన్ని వుత్త గళ్ళ లెక్కగా ముగించడమంటే కులం చెప్పే అనువంశికతను అట్లాగే వదిలెయ్యడం.

మెండెల్ దగ్గరే మొదలుపెడదాం. పాఠాల్లో ఆయన 'జన్యుశాస్త్ర పితామహుడు'. ఆ బిరుదు వెనకున్న మనిషి మన పిల్లలకు తెలియాలి. 1822లో, యిప్పటి చెక్ దేశంలో, చిన్న రైతు కుటుంబంలో పుట్టాడు. చదువుకు డబ్బుల్లేకపోతే చెల్లెలు తన కట్నం వాటాలో కొంత యిచ్చి ఆదుకుంది. బతుకు చింత తీరుతుందని కూడా 1843లో మఠంలో చేరాడు. 1850లో టీచరు అర్హత పరీక్ష తప్పాడు. 1865లో ఆయన వినిపించి 1866లో అచ్చేసిన ఫలితాలను 1900 దాకా పండితులు పెద్దగా పట్టించుకోలేదు. మొదటి తరం చదువరికి యీ కథ ఎంత దగ్గరిదో వేరే చెప్పాలా?

యిక ఆయన చేసిన పని. గుండ్రటి గింజల మొక్కనూ ముడతల గింజల మొక్కనూ కలిపితే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే వచ్చాయి. ముడత పోయిందనుకుంటాం. ఆ తరాన్ని తనలో తాను ఫలదీకరణ చెందనిస్తే 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి వచ్చాయి. అంటే ముడతల కారకం ఎక్కడికీ పోలేదు. గుండ్రటి కారకం పక్కనే వొక తరమంతా వుండి, చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. దీన్నే పృథక్కరణ సూత్రం అంటాం. పిల్లలు నిర్వచనం బట్టీ పడతారు గానీ దాని అర్థం మాత్రం చేతికందదు. పక్కపక్కన వున్నంత మాత్రాన వొక కారకం యింకో కారకాన్ని మైలపరచదు. బిడ్డలో తల్లిదండ్రుల రక్తం పాలూ నీళ్ళలా కలిసిపోతుందని, తక్కువ రక్తం కలిస్తే ఎక్కువ రక్తం చెడిపోతుందని చెప్పే మాటకు మెండెల్ తర్వాత శాస్త్రంలో చోటు లేదు. అంటు సిద్ధాంతాన్ని బఠానీ గింజ ఎప్పుడో కొట్టేసింది. ఆ మాట క్లాసులో చెప్పాలి.

రెండో యిబ్బంది పాఠం భాషతో. 'శుద్ధ', 'సంకరం', 'బహిర్గతం', 'అంతర్గతం'. యివి గాల్లోంచి రాలేదు. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుడి పుట్టుకను వర్ణసంకరంతోనే వివరిస్తుంది. వూరి నుంచి వచ్చిన పిల్ల 'సంకరం' అన్న మాటను వూరి చెవులతోనే వింటుంది. జీవశాస్త్రంలో శుద్ధం అంటే రెండు కారకాలూ వొకే రకం అని మాత్రమే. మేలు అని కాదు. బహిర్గతం అంటే బలమైనదనీ కాదు, ఎక్కువమందికి వుండేదనీ కాదు. చాలా కుటుంబాల్లో ఆరో వేలు బహిర్గత లక్షణంగానే వస్తుంది, అయినా లోకంలో ఐదు వేళ్ళోళ్ళే ఎక్కువ. ఓ బ్లడ్ గ్రూపు అంతర్గతమే, అయినా కోట్లమందికి వున్నది అదే. యీ రెండు ఉదాహరణలు చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు.

మూడోది, అసలు దెబ్బ తగిలే చోటు. 'వీళ్ళ రక్తంలోనే చదువు లేదు' అన్న మాట నేను చదువుకున్న బళ్ళో వొక అయ్యవారి నోట విన్నాను. 'విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా' అన్న సామెత దానికి తోడు. రిజర్వేషన్ మీద మాట వచ్చినప్పుడల్లా 'మెరిట్' పేరుతో తిరిగొచ్చేది యిదే. రిచర్డ్ లెవాంటిన్ చెప్పిన పోలికను మన చేలోకి తెచ్చుకుందాం. వొకే సంచిలోని జొన్న విత్తనాలు సగం నల్లరేగడిలో, సగం రాళ్ళ చెలకలో చల్లండి. వొకే చేలో వొక మొక్కకూ యింకో మొక్కకూ వున్న తేడా విత్తనం వల్ల కావచ్చు. రెండు చేల మధ్య తేడా మాత్రం మట్టిది, నీళ్ళది. బఠానీలో పొడవూ పొట్టీ వొక జత కారకాలతో తేలిపోతుంది. మనిషి ఎత్తుకే వందల జన్యువులతోపాటు తిండీ లెక్కకొస్తుంది. యిక చదువు సంగతి చెప్పేదేముంది? భూమీ బడీ దక్కనివ్వకుండా రక్తాన్ని కొలవడం మోసం.

అంబేద్కర్ 1916లోనే కులానికి ప్రాణం స్వకుల వివాహంలో వుందని తేల్చాడు. 1936లో కులం జాతుల విభజన కాదని, వొకే జాతి జనాన్ని సామాజికంగా చీల్చడమని వాదించాడు. 1948లో ముక్కు కొలతల లెక్కలనే తీసుకుని బ్రాహ్మణులదీ అంటరానివాళ్ళదీ వొకే జాతి అని చూపాడు. హైదరాబాద్ సిసిఎంబి శాస్త్రవేత్తలు పాల్గొన్న 2013 నాటి పరిశోధన యీ దేశపు జనసమూహాలు సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా విస్తృతంగా కలిసిపోయాయనీ, ఆ తర్వాతే తలుపులు మూసుకున్నాయనీ చెప్పింది. 'శుద్ధ రక్తం' ఎవరి దగ్గరా లేదు.

తలుపులు మూసుకుంటే ఏమవుతుందో కూడా అంతర్గత కారకాలే చెప్తాయి. వైశ్యుల్లో కొందరికి మత్తు యిచ్చేటప్పుడు వాడే వొక కండరాల మందు పడదు, దాన్ని విరిచే ఎంజైము తక్కువ. తరతరాలు లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్న ఏ గుంపుకైనా యిట్లాంటివి రావచ్చు. మన మేనరికాల్లోనూ వున్నది యిదే ప్రమాదం. ఏజెన్సీలో సికిల్ సెల్ సంగతి యింకా అత్యవసరం. తల్లీ తండ్రీ యిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పుకూ నాలుగింట వొక వంతు ప్రమాదం వుంటుంది. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి యిక రాదనుకోవడం తప్పు. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కార్డులు పంచుతోంది. ఆ కార్డు అర్థమయ్యేలా పాఠం చెప్పే పని మాత్రం టీచరుదే.

యిన్ని చెప్పాల్సిన చోట 2023 నాటి ఎన్‌సిఇఆర్‌టి పదో తరగతి పుస్తకం పరిణామాన్ని తీసేసింది. దానితోపాటే ఆర్జిత లక్షణాలకూ అనువంశిక లక్షణాలకూ తేడా చెప్పే భాగం పోయింది. మానవ పరిణామం పోయింది. తోలు పనీ, మగ్గం పనీ, మంత్రం పనీ చేతికి నేర్పితే వచ్చేవే, పుట్టుకతో వచ్చేవి కావని చెప్పడానికి వున్న ఆధారమే ఆ భాగం. భారం తగ్గించామంటున్నారు. ఎవరి భారం తగ్గింది?

టీచర్లు పుస్తకం మారేదాకా ఆగక్కర్లేదు. నాలుగు గళ్ళ పట్టిక గీశాక వొక్క ప్రశ్న బోర్డు మీద రాయండి: 'యీ గళ్ళల్లో కులం ఏ గడిలో వుంది?' పిల్లల్నే వెతకమనండి.